మూడో బస్తా చోచో గింజలు

కొండమీది షిల్కోపంప ఊళ్ళో పెళ్ళి కుదిరిందంటే ముందు చోచో గింజల సంగతి చూసుకోవాలి. బట్టలూ బాజాలూ, వేయించిన కుయ్ గినీపందులూ, కుండల కొద్దీ మొక్కజొన్న కల్లు చిచా, అవన్నీ తర్వాతి మాట. పెళ్ళికూతురి ఇంటివాళ్ళు పెద్ద చెక్క తొట్టి నిండా చోచో గింజలు పోసి, ఉల్లిపాయా టమాటా పచ్చిమిరపా కొత్తిమీరా తరిగి వేసి, నిమ్మకాయలు పిండి సిద్ధంగా ఉంచాలి. పెళ్ళికొడుకు వైపు పెద్దావిడ వచ్చి, తన చెయ్యి తనే తొట్టిలో పెట్టి, మొదటి గుప్పెడు అందరి ముందూ నోట్లో వేసుకోవాలి. ఆవిడ నమిలి మింగేదాకా హార్పు మోగదు, ఫిడేలు పలకదు. పసిపిల్ల ఏడిస్తే తల్లి ఎత్తుకుని అవతలికి పోతుంది. గింజ కమ్మగా ఉందా, సంబరం మొదలు. చేదు తగిలిందా, సంబరం అప్పుడూ మొదలవుతుంది కానీ ఆ చేదు పేరు పెళ్ళికూతురికి జన్మకి అంటుకుపోతుంది.

సెనోబియాకి అలా అంటుకుని నలభై ఎనిమిదేళ్ళు. ఆమె పెళ్ళినాటికి వాగు ఎండిపోయి ఉంది. వాళ్ళమ్మ ఏం చేస్తుంది పాపం, గింజల్ని కుండల్లో నిలవ నీళ్ళలో నానబెట్టి అదే చాలనుకుంది. అత్తగారు ఒక్క గింజ కొరికి, మొహం అంతా ముడిచి, తుపుక్కున ఊసింది. అంతే. ఆ రోజు నుంచి ఆమె చేదు సెనోబియా. ఊళ్ళో ఇంకో సెనోబియా లేకపోయినా సరే, "ఏ సెనోబియా?" అని ఒకరు అడగడం, "చేదు సెనోబియా" అని ఇంకొకరు చెప్పడం. మొగుడు బతికున్నన్నాళ్ళూ ముద్దుకి కూడా అదే పేరుతో పిలిచాడు. ఆమెకి అలవాటైపోయింది. తన నాలుకా తక్కువది కాదు గనుక ఆ పేరుకి తగ్గట్టే బతికింది కూడా.

కానీ మనవరాలు ఎల్మీరాకి మాత్రం ఆ పేరు రాకూడదు. తల్లి లేని పిల్లని రెండేళ్ళప్పటి నుంచి తన వీపుకి కట్టుకుని పెంచింది. ఈ శనివారం ఆ పిల్ల ఎగువనున్న రూరిమర్కా ఊరికి కోడలవుతోంది. ఆ ఊరి తరఫున తొట్టిలో చెయ్యి పెట్టబోయేది పెళ్ళికొడుకు మేనత్త తెయొదోసియా. ఈస్టర్‌నాడు ఫాదిరీ గారి ప్రసంగానికే వంక పెట్టిన మనిషి ఆవిడ.

"ఆవిడ పైపైన తీసుకోదు వదినా," అంది పక్కింటి అపొలోనియా. "మోచేతి దాకా ముంచి అడుగు నుంచి తీస్తుంది. మా చెల్లెలి కూతురి పెళ్ళిలో కళ్ళారా చూశా."

"ముంచనీ. భుజం దాకా ముంచనీ. నా తొట్టిలో పైనా కిందా ఒకటే."

అలా అంది గానీ సెనోబియా వేళ్ళ మీద రోజులు మరోసారి లెక్కపెట్టుకుంది.

చోచో గింజ మామూలు గింజ కాదు మరి. చేనులో నీలం పూలతో ఎంత ముద్దుగా ఉంటుందో, పచ్చి గింజ అంత చేదు. గొర్రె కూడా వాసన చూసి వెళ్ళిపోతుంది. మనిషి ఓ గుప్పెడు తిన్నాడా, కళ్ళు తిరిగి పడతాడు. దాన్ని ఒక పగలూ రాత్రీ నానబెట్టాలి. తర్వాత బాగా ఉడకబెట్టాలి. ఆ తర్వాత బస్తాకెత్తి, మూతి బిగించి, వాగులో రాయికి కట్టి ముంచాలి. మంచుకొండ నుంచి దిగే నీళ్ళు నాలుగైదు రోజులు దాని మీదుగా పారుతూ పారుతూ ఆ చేదంతా పట్టుకుపోవాలి. మొదటి మూడు రోజులూ ఎవరూ నోట వేసుకోకూడదు, వేసుకుంటే గింజ అలుగుతుందని షిల్కోపంప ఆడవాళ్ళ నమ్మకం. ఇంకో పద్ధతి కూడా ఉంది. ఉడికిన బస్తా మూతికి ఎర్ర ఊలు పోగు కడతారు. ఎర్ర పోగు ఉంటే ఉడికినట్టు, లేకపోతే లేనట్టు. నలుగురు కలిసి చేసే పని కదా, ఒకరినొకరు అడగనక్కర్లేదు.

గురువారం తెల్లవారుతూనే సెనోబియా, అపొలోనియా వాగులో ముంచిన మూడు బస్తాలూ చూడ్డానికి వెళ్ళారు. మొదటి బస్తాలోంచి గింజ తీసి కొరికారు. కమ్మగా, మెత్తగా ఉంది. ఇంకో రోజు ఉంటే మరీ మంచిది. రెండో బస్తా కూడా అంతే. సెనోబియా మొహం విచ్చుకుంది. మూడో బస్తాలో గింజ పళ్ళ మధ్య పెట్టి కటుక్కుమనిపించింది. తర్వాత వాగు మీదకి వంగి, ఊసి, పుక్కిలించి, మళ్ళీ ఊసింది.

"ఏమైంది వదినా?"

"పిత్తం! కుయ్ పిత్తం కొరికినట్టుంది! రాయిలా ఉంది!"

అపొలోనియా ఇంకో గింజ అరచేతిలో వేసుకుని వెలుగులోకి పట్టి చూసింది. గింజ అంచున తెల్లగా, సూదిమొనంత ముక్కు బయటపెట్టి ఉంది.

"వదినా, ఇది మొలకెత్తుతోందే!"

"ఉడికిన గింజ మొలకెత్తడమేంటే?"

ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు.

"నువ్వు ఉడికించావా వదినా?"

"నేనా? ఆదివారం నేను కర్వాస్ సంతకి పోయాను కదటే! మూడూ నువ్వే ఉడికిస్తానన్నావు!"

"రెండు ఉడికించేసరికి కట్టెలైపోయాయి వదినా. మా ఇంట్లోంచి కట్టెలు తెద్దామని పోయి వచ్చేసరికి మూడో దానికీ ఎర్ర ఊలుంది. నువ్వు సంత నుంచి వచ్చి ఉడికించేశావనుకుని, అబ్సలోన్‌ని పిలిచి మూడూ వాగుకి మోయించా."

అబ్సలోన్ సెనోబియా కొడుకు. బరువులు మోయమంటే మోస్తాడు, లోపలేముందని అడగడు.

ఇంటికొచ్చేసరికి ఎల్మీరా వాకిట్లో జడ వేసుకుంటోంది. గాడిద చెవులకి ఎర్ర ఊలు కుచ్చులు, గొర్రెల మెడల్లో ఎర్ర ఊలు, చీపురు పిడికి కూడా ఎర్ర ఊలే. అది చూడగానే సెనోబియాకి సగం అర్థమైపోయింది.

"పిల్లా, బస్తాలకి ఊలు కట్టావా?"

"ఒక్కదానికే అమ్మమ్మా. రెండిటికి ఉండి మూడోది బోసిగా ఉంది. పెళ్ళివారిల్లు కదా, అదొక్కటీ ఏం పాపం చేసిందని..." పిల్ల మాట మధ్యలో ఆగిపోయింది. పద్ధతి అప్పుడు గుర్తొచ్చింది. జడ సగంలో వదిలేసి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. "అయ్యో అమ్మమ్మా!"

తిట్టాలనే సెనోబియా నోరు తెరిచింది. ఆ సగం జడ, ఆ కళ్ళు, వెనకాల కుచ్చుల గాడిద. నవ్వొచ్చేసింది. నవ్వి నవ్వి అరుగు మీద కూలబడింది. కూలబడ్డాక మాత్రం లెక్క గుర్తొచ్చింది. మూడొందల మంది వస్తారు. రెండు బస్తాలు సరిపోవు, గింజలు చాలకపోవడం చేదుకన్నా తలవంపు. సంత మళ్ళీ ఆదివారం. ఈ బస్తా ఇప్పుడు ఉడికించినా వాగుకి ఐదు రోజులు కావాలి. ఉన్నది రెండే.

"కలిపేద్దాం వదినా," అపొలోనియా గొంతు తగ్గించి అంది. "అడుక్కి చేదువి, పైన మంచివి."

"ఆవిడ అడుగు నుంచి తీస్తుందని చెప్పింది నువ్వే కదే!"

ఈ గొడవకి ముందుగదిలోంచి టీచరమ్మ నొయెమీ బయటికొచ్చింది. తీరం వైపు పిల్ల. ఊరి బడికి వచ్చి ఏడాదైంది, సెనోబియా ఇంట్లోనే అద్దెకుంటోంది. పళ్ళు తోముకుంటూ సంగతి విని, లోపలికెళ్ళి భూతద్దం తెచ్చి, మొలకెత్తిన గింజని అటూ ఇటూ తిప్పి చూసింది.

"మామ్మా, దీనికి ప్రాణముంది. అందుకే చేదు పోలేదు."

"ప్రాణముంటే చేదుంటుందా? నాకూ ప్రాణముంది, నేనేమన్నా..." సెనోబియా ఆగి, "సరే, ఆ మాటొదిలెయ్. అసలు సంగతి చెప్పు," అంది.

"గింజంటే ఒక్క ముద్ద కాదు మామ్మా. లక్షల గదులు. పుస్తకాల్లో కణాలంటారు. ఒక్కో గదికీ చుట్టూ పల్చటి పొర ఉంటుంది, కంటికి ఆనదు. బతికున్నంత కాలం ఎవర్ని లోపలికి రానివ్వాలో, ఎవర్ని బయటికి పోనివ్వాలో ఆ పొరే చూసుకుంటుంది. నీళ్ళని రానిచ్చింది, అందుకే గింజ ఉబ్బింది. చేదుని మాత్రం వదలదు. పురుగు ముట్టకుండా అదే దానికి కాపలా."

"అచ్చం మా అత్తగారు. గడప దాటి చక్కెర లోపలికొచ్చేది. చిటికెడు మిరప్పొడి బయటికి పోయేది కాదు."

"ఉడికించామనుకోండి, ఆ పొర చచ్చిపోతుంది, చిల్లులు పడతాయి. ఇంక ఆపేవాళ్ళు లేరు. లోపల కిక్కిరిసి ఉన్న చేదు, బయట ఖాళీగా ఉన్న నీళ్ళలోకి దానంతటదే వచ్చేస్తుంది. లోపలా బయటా సమానమయ్యేదాకా వస్తూనే ఉంటుంది. సమానమైతే ఇంక ముందుకి సాగదు. అందుకే కొత్త నీళ్ళు పారుతూ ఉండాలి."

సెనోబియా ఆ గింజని తన చేతిలోకి తీసుకుంది.

"అంటే మా అమ్మ కుండల్లో..." అంది మెల్లగా. "నీళ్ళు లేవు, మార్చలేదు. లోపలా బయటా సమానమైపోయిందన్నమాట. ఇన్నేళ్ళూ ఆవిడ సరిగ్గా ఉడికించలేదేమో అనుకున్నానమ్మా నేను. పిచ్చిది, బాగానే ఉడికించింది."

కొంగుతో ముక్కు తుడుచుకుని లేచి నిలబడింది. ఇంక ప్రశ్నలు మొదలెట్టింది.

"గోరువెచ్చటి నీళ్ళయితే?"

"ఇంకా తొందరగా కదులుతుంది."

"పై తొక్క ఒలిచేస్తే?"

"దానికి అడ్డం తగ్గుతుంది. మరీ తొందర."

"గంటకోసారి నీళ్ళు పారబోసి కొత్తవి పోస్తే?"

"సమానమయ్యే సందే ఉండదు! మామ్మా, మీరు నా క్లాసుకి రావాలి."

"నీ క్లాసే నా పొయ్యి దగ్గరికి రానీ. అయితే శనివారానికి చేదు పోతుందంటావా?"

టీచరమ్మ బ్రష్షు పట్టుకుని నీళ్ళు నమిలింది. "పోవాలి మామ్మా. నేనెప్పుడూ చేసి చూడలేదు."

"నేనూ చూడలేదు. మనిద్దరం సమానం. కట్టెలెత్తు."

పది గంటలకల్లా మూడో బస్తా మూడు కాగుల్లో కుతకుతా ఉడుకుతోంది. ఇంతలో అపొలోనియాకి ఇంకో అనుమానం పుట్టింది.

"వదినా, ఒక బస్తా బట్టలిప్పుకుని, రెండు బస్తాలు బట్టలు కట్టుకుని ఉంటే తెయొదోసియా కనిపెట్టదూ?"

నిజమే. ఒలిస్తే మూడూ ఒలవాలి. మూడు బస్తాల గింజలు, ఒక్కో గింజా వేళ్ళతో. సెనోబియా అబ్సలోన్‌ని పిలిచి, మిగతా రెండు బస్తాలూ వాగు నుంచి తెప్పించి, కొమ్ము ఊదమంది. ఆ కొమ్ము ఊదితే ఊరుమ్మడి పనికి ఇంటికొకరు రావాలి. కాలవ తెగిందనుకుని నలభై మంది పారలూ గునపాలూ పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. వాకిట్లో పరదాలు పరిచి గింజలు గుట్టలు పోసి ఉండటం చూసి గునపాలు దించారు.

"దీనికా కొమ్ము ఊదావు, చేదు సెనోబియా?" అన్నాడు గొర్రెల పొలికార్పో.

"దీనికే. కూర్చో. గునపంతో ఒలుస్తావో, గోళ్ళతో ఒలుస్తావో నీ ఇష్టం."

చోచో ఒలవడం కూడా ఒక ఆటే. రెండు వేళ్ళ మధ్య పెట్టి నొక్కితే గింజ చివుక్కున ఎగిరిపోతుంది, తొక్క వేళ్ళలో మిగులుతుంది. గిన్నెలో పడాల్సిన గింజ అపొలోనియా టోపీలో పడింది. ఇంకోటి పొలికార్పో చెవిలో పడింది. దాన్ని తీయడానికి ముగ్గురు ఆడవాళ్ళు అతని తల పట్టుకుని వంచారు, అవసరమైన దానికన్నా ఎక్కువసేపే. పెళ్ళికని ముందుగా వచ్చిన హార్పాయన ఖాళీగా కూర్చోలేక వాయించడం మొదలెట్టాడు. ఎవరో గురి చూసి కొట్టిన గింజ హార్పు బొక్కలోంచి లోపలికి పోయింది. ఆ రోజంతా పాటలో గిలక చప్పుడు కూడా కలిసింది.

మధ్యాహ్నం పెళ్ళికొడుకు ఫిదెన్సియో కట్టెల మోపుతో దిగాడు. పెళ్ళికి ముందు అత్తింటికి కట్టెలు మోసుకురావడం అక్కడ ఆచారం. వాకిట్లో ఊరంతా గింజలు ఒలుస్తుంటే గుమ్మంలోనే నిలబడిపోయాడు. హార్పు ఆగిపోయింది.

"ఏమయ్యా అల్లుడూ," సెనోబియా నడుం మీద చేతులు పెట్టుకుని అడిగింది, "ఇక్కడ చూసింది మీ మేనత్తకి చెప్తావా?"

ఫిదెన్సియో గింజల్ని చూశాడు, కాగుల్ని చూశాడు, తల వంచుకుని కూర్చున్న ఎల్మీరాని చూశాడు.

"నేనేం చూశాను అమ్మమ్మా? కట్టెలు దించి పోతున్నా." అని కట్టెలు దించి, పోకుండా ఎల్మీరా పక్కన చతికిలబడి ఒలవడం మొదలెట్టాడు. మొదటి గింజే వెళ్ళి టీచరమ్మ కళ్ళజోడుకి తగిలింది.

"రూరిమర్కా వాళ్ళకి గురి లేదు," అంది ఎవరో ముసలమ్మ.

"పిల్లని చూసుకునేటప్పుడు గురి బాగానే పెట్టాడులే," అంది అపొలోనియా. వాకిలంతా ఘొల్లుమంది.

ఇక నీళ్ళ వంతులు. గురువారం సాయంత్రం నుంచి శనివారం పొద్దుటి దాకా గంటకి ఇద్దరు చొప్పున. వేడి నీళ్ళూ వాగు నీళ్ళూ కలిపి, మోచెయ్యి పెట్టి చూసి, మూడో బస్తా గింజల మీద పోయడం, గంటయ్యాక వంపేయడం. మొదట వంపిన నీళ్ళు సబ్బు నీళ్ళలా నురగలు కక్కాయి. ఆ చేదు నీళ్ళు గొర్రెల పేలకి మంచి మందని పొలికార్పో బిందెలతో మోసుకుపోయి మందనంతా కడిగేశాడు. శుక్రవారానికి నురగ సగమైంది. సెనోబియా ప్రతి వంతులోనూ ఒక గింజ కొరికి ఊసేది. "ఇంకా పిత్తమే." "ఇంకా ఉంది." "తగ్గిందే!" ఆమె ఒక్కతే ఎందుకు, వంతుకొచ్చిన ప్రతివాళ్ళూ కొరికారు. హార్పాయన కొరికాడు, ఫిడేలాయన కొరికాడు, దీవెన చెప్పి పోదామని వచ్చిన ఫాదిరీ గారూ కొరికారు.

శనివారం పొద్దున ఆఖరి నీళ్ళు వంపారు. నురగ లేదు, తేటగా ఉన్నాయి. సెనోబియా ఒక గింజ నోట్లో వేసుకుని నమిలింది. ఇంకోటి నమిలింది. కళ్ళు పెద్దవి చేసి అపొలోనియా వైపు చూసింది.

"నాకేం తెలియట్లేదే. నువ్వు చూడు."

అపొలోనియా చూసింది. "నాకూ ఏం లేదు వదినా. గింజలో చేదు లేదో, నా నాలుకే లేదో."

పరీక్ష చేద్దామని నిమ్మకాయ కొరికింది, అదీ మన్నులాగే ఉంది. రెండు రోజులు చేదు కొరికి కొరికి ఊరు ఊరంతటికీ నాలుకలు మొద్దుబారిపోయాయి. టీచరమ్మని అడిగితే ఆమె నాలుక బయటపెట్టి చూపించి తల అడ్డంగా ఊపింది. గాడిదకి పెట్టి చూద్దామన్నాడు అబ్సలోన్. అది మొన్న చీపురు తిన్న గాడిద, దాని మాట ఎవరు నమ్ముతారు? అప్పటికే గుడి గంట మోగుతోంది. రూరిమర్కా వాళ్ళు వంతెన దాటుతున్నారని కబురొచ్చింది. సెనోబియా కళ్ళు మూసుకుని మూడు బస్తాలూ తొట్టిలో పోయించింది. ఉల్లిపాయలూ టమాటాలూ మిరపకాయలూ పడ్డాయి, నిమ్మకాయలు పిండారు. పైనా కిందా ఏది ఏ బస్తాదో దేవుడికే తెలియాలి.

పెళ్ళి అయింది. గుడి నుంచి అందరూ వాకిట్లోకి వచ్చారు. తెయొదోసియా కొత్త టోపీ, నాలుగు లంగాలు ఒకదాని మీద ఒకటి వేసుకుని తొట్టి ముందుకొచ్చి నిలబడింది. గింజల్ని చూసి, "ఒలిచారే," అంది.

"పెద్దవాళ్ళు వస్తున్నారు కదా, పళ్ళకి శ్రమ ఎందుకని," అంది సెనోబియా.

తెయొదోసియా జాకెట్టు చేతిని పైకి తోసి, చెయ్యి మోచేతి దాకా తొట్టిలోకి దించింది. అడుగున వేళ్ళతో కెలికింది. గుప్పెడు పైకి తీసి నోట్లో పోసుకుంది. హార్పాయన వేళ్ళు తీగల మీద ఆగి ఉన్నాయి. ఎల్మీరా అమ్మమ్మ చెయ్యి పట్టుకుంది. మూడొందల మంది ఒక ముసలావిడ దవడ ఆడటం చూస్తున్నారు. ఆవిడ నమిలింది. ఆగింది. కనుబొమలు దగ్గరికొచ్చాయి. మళ్ళీ నమిలింది. మింగింది. మొహం చిట్లించింది.

"ఉప్పు తక్కువైంది," అంది.

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత అపొలోనియా కేక పెట్టింది. ఆ కేకతో షిల్కోపంప మొత్తం లేచింది. ఉప్పు! నిజమే, ఉప్పు సంగతే ఎవరికీ తట్టలేదు, రుచి చూడటానికి ఊళ్ళో నాలుకేదీ? పొలికార్పో టోపీ ఎగరేశాడు. టీచరమ్మ అబ్సలోన్‌ని వాటేసుకుని, వెంటనే సిగ్గుపడి వదిలేసింది. ఫిదెన్సియో పెళ్ళాన్ని ఎత్తి గిరగిరా తిప్పాడు. హార్పు మోగింది, లోపలి గింజ కూడా గలగలా మోగింది.

తెయొదోసియా బిత్తరపోయి చుట్టూ చూసింది. "ఇదేం ఊరమ్మా! నేను వంక పెడితే ఎగురుతారేంటి?"

"మళ్ళీ అను వదినా," సెనోబియా ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది. కళ్ళ నీళ్ళు కారిపోతున్నా తుడుచుకోలేదు. "ఇంకోసారి అను. ఇంకేం తక్కువైంది? నిమ్మకాయా? మిరపకాయా? అన్నీ చెప్పు."

"కొత్తిమీర కూడా కాస్త..." అంటూనే తెయొదోసియా రెండో చెయ్యి తొట్టిలోకి పోయింది, ఈసారి పైనుంచే. నోరు నిండా గింజలతో ఇంకేదో వంక చెప్పబోయింది గానీ ఒక్క మాటా బయటికి రాలేదు. సెనోబియా లోపలికి పరిగెత్తి రాతి ఉప్పు గిన్నె తెచ్చి, గుప్పెడు తీసి, నవ్వుతూ తొట్టి నిండా చల్లింది.